పెద్దవయసు కుంగుబాటు - మెదడులోని తెల్లమచ్చలు

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఆ చుట్టుపట్ల కంప్యూటరు ఉద్యోగుల కాపురములు వెలసినవి. పలువురి తల్లిదండ్రులును ఊరు విడిచి వచ్చి బిడ్డలయొద్ద ఉంటున్నారు. వారిలో ఒకరు మాట తగ్గించి, అన్నము సయించక, దేనియందును ఆసక్తి లేక కూర్చుండినచో 'పెద్దతనము కదా' అని మనము సరిపెట్టుకొందుము. అది పెద్దతనము కాకపోవచ్చును. డిప్రెషన్ అను కుంగుబాటు కావచ్చును. ఆ వ్యాధికి చికిత్స కలదు.

మెదడు లోపలి తెల్లని పదార్థములో నాడీకణములను కలిపెడి సన్నని తంతువులుండును. కొవ్వుతో కూడిన తొడుగువలన వాటికా తెలుపు వచ్చినది. రక్తపుపోటు, మధుమేహములచే సూక్ష్మ రక్తనాళములు దెబ్బతిన్నచో తంతువులకు రక్తము చాలదు. ఎం.ఆర్.ఐ. చిత్రములో ఆ చోట్లు తెల్లమచ్చలుగా కనబడును. నుదుటి వెనుకభాగమును మెదడు లోతులతో కలిపెడి మార్గములు చెడినచో ఆలోచన మందగించును, పనికి పూనుకొను ఉత్సాహము సన్నగిల్లును. పెద్దవయసు కుంగుబాటు కొందరిలో ఇట్టి రక్తనాళ దోషమువలన కలుగునని 1997లో అలెక్సోపౌలోస్ ప్రభృతులైన అమెరికా వైద్యులు ప్రతిపాదించిరి.

అయితే ఏ కుంగుబాటును లేని వృద్ధులలోను ఈ మచ్చలు తరచు ఉండును. కావున ఎవరి మెదడును దేనితో పోల్చవలెనన్నది ముఖ్యము. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో జయంతీ శివస్వామిగారి బృందము నూరుగురు భారతీయుల చిత్రములనుండి రూపొందించిన మెదడు పటము 2019లో వెలువడినది. పాశ్చాత్యులనుబట్టి తయారైన మాంట్రియల్ పటముకంటె మన మెదడు సగటున కొంత చిన్నదని తేలినది. ఇది తెలివికి కొలత కాదు. కొలబద్ద మనదై ఉండవలెనని మాత్రమే దీని భావము. ఆ నూరుగురును ఇరువది, ముప్పది ఏండ్ల నడుమవారు. వృద్ధులకు వారి వయసుకు తగిన కొలబద్దయే కావలెను.

మేము చెప్పదలచిన దొక్కటే: చిత్రము వైద్యునికి తోడ్పడును గాని కుంగుబాటును నిర్ణయింపజాలదు. రోగితో నింపాదిగా మాటలాడియే వైద్యుడు దానిని గుర్తించును. రెండు వారములకు మించి దిగులు, నిరాసక్తత వదలనిచో ఆలస్యము చేయరాదు. 14416 అను టెలీ మానస్ నంబరుకు ఫోను చేసినను సలహా లభించును. ఏర్పడిన మచ్చలు సాధారణముగా మాసిపోవు. కాని రక్తపుపోటును గట్టిగా అదుపులో ఉంచినచో వాటి పెరుగుదల నెమ్మదించునని 2019లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో తేలినది. కుంగుబాటు మాత్రము మందులతోను, మాటల చికిత్సతోను తగ్గుటకు అవకాశము కలదు. పెద్దలు మౌనము వహించినపుడు వయసును నిందింపక, ప్రక్కన కూర్చుండి కారణ మడుగుట మన విధి.