అమ్మ ఫోన్‌కి స్పామ్ కాల్స్ ఆపబోయి నేను చేసిన పొరపాటు

ఈ ఎపిసోడ్ స్పామ్ కాల్స్ గురించి. "అన్నా, లోన్ కావాలా, ప్లాటు కొంటారా అని రోజూ చంపేస్తున్నారు, ఏదైనా సెట్టింగ్ చెప్పు" అని చాలామంది అడిగారు. సెట్టింగ్ చెప్తాను. కానీ ముందు, అలాంటి సెట్టింగే ఒకటి పెట్టి నేనెంత వెధవ పని చేశానో చెప్పాలి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మ ఫోన్‌కి సరిగ్గా వంట టైమ్‌లోనే ఈ కాల్స్ మొదలవుతాయి. చేతులు తుడుచుకుని పరిగెత్తుకొచ్చి ఎత్తితే అటువైపు రికార్డింగ్. ఆ రికార్డింగ్‌కి కూడా "మాకొద్దండి బాబూ" అని మర్యాదగా చెప్పి పెట్టేసేది. పోయినసారి ఇంటికెళ్లినప్పుడు అది చూడలేక, ఫోన్‌లో 'డు నాట్ డిస్టర్బ్' ఆన్ చేసి, కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్ల కాల్సే మోగేలా పెట్టేశాను. రెండు నిమిషాల పని. అమ్మ కూడా హాయిగా ఉందిరా అంది.

మూడు వారాలు బాగానే గడిచింది. మా పిన్ని కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఆరేళ్లయింది. కోనసీమలో ఇలాంటి పిన్నో అత్తో బాబాయో లేని వీధి ఉండదు కదండీ. ఆవిడ సెలవు మీద ఇంటికి రావాలి. టికెట్ ఒకరోజు ముందుకి మారింది. అదే హడావుడిలో ఫోన్ కిందపడి స్క్రీన్ పోయింది. నోటికొచ్చిన నంబర్ అక్కది ఒక్కటే, అంటే మా అమ్మది. కువైట్‌లో ఎవరి ఫోన్‌నుంచో రెండుసార్లు చేసింది. శంషాబాద్‌లో దిగాక పక్కనున్నవాళ్లని బతిమాలి ఇంకో మూడుసార్లు చేసింది. అమ్మ ఫోన్ మోగలేదు. తర్వాత మిస్డ్ కాల్స్ కనబడ్డాయి. కానీ తెలియని నంబర్లు, లోన్లవాళ్లేలే అనుకుంది.

రాత్రంతా ఎయిర్‌పోర్టులో సామాన్లకి కాపలా కాసి, మర్నాడు బస్సెక్కి రావులపాలెంలో దిగి, ఆటో కట్టించుకుని వచ్చింది పిన్ని. గుమ్మంలో అమ్మని చూసి ఏడుపు. ఆటో డబ్బుల గురించి కాదు. "అక్క ఫోన్ ఎత్తట్లేదంటే ఏమైపోయిందో అనుకున్నాను రా" అంది నాతో. నాకు నోట మాట రాలేదు.

నిజానికి ఆ సెట్టింగ్ లోపలే 'రిపీట్ కాలర్స్' అని ఒకటుంటుంది. ఒకే నంబర్ నుంచి పదిహేను నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే మోగనిస్తుంది. లోన్లవాళ్లు మళ్లీ మళ్లీ చేస్తారేమో అని అతి తెలివితో దాన్ని కూడా ఆపేసింది నేనే.

అందుకే తెలియని నంబర్లన్నీ ఆపెయ్యమని నేను చెప్పను. నాన్నగారి సంగతే చూడండి, కొబ్బరికాయల బేరానికి అంబాజీపేట నుంచి ఎవరు ఏ నంబర్ నుంచి చేస్తారో ఆయనకే తెలీదు. మనకి కావాల్సింది వడపోత. తలుపు మూసేయడం కాదు.

అసలు ఈ కాల్స్ ఎలా వస్తాయో నాకు కొంచెం తెలుసు. సిగ్గుగానే ఉంది కానీ చెప్తాను, హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం కాల్‌సెంటర్లకి సాఫ్ట్‌వేర్ రాయడం. ప్రెడిక్టివ్ డయలర్ అంటారు. పదిమంది ఉద్యోగులు కూర్చుని ఉంటే అది పది నంబర్లకే డయల్ చెయ్యదు. ఎలాగూ కొందరు ఎత్తరు కాబట్టి లెక్కేసుకుని ఇంకా ఎక్కువ నంబర్లకి ఒకేసారి కొడుతుంది. ముందు ఎత్తినవాళ్లకి మనిషి దొరుకుతాడు. మిగిలినవాళ్లు "హలో హలో" అంటూ ఉంటే అటువైపు ఎవరూ ఉండరు, కట్. మీకు వచ్చే ఆ నిశ్శబ్దం కాల్స్‌లో చాలావాటికి కారణం ఇదే. దెయ్యాలు కావు.

ఇంకోటి. కాల్ అయ్యాక ఉద్యోగి స్క్రీన్ మీద ఒక బటన్ నొక్కాలి. ఇష్టం ఉంది, ఇష్టం లేదు, మళ్లీ చెయ్యాలి, ఇలా. మనం మొహమాటపడి "ఇప్పుడు బిజీ అండి, తర్వాత చెయ్యండి" అంటాం చూశారా, అంతకంటే చెడ్డ జవాబు లేదు. ఆ నంబర్ మళ్లీ చెయ్యాల్సిన లిస్టులోకి పోతుంది, మెషీన్ మర్చిపోదు. తిట్టినా లాభం లేదు, ఎత్తే నంబరే అని తెలిసిపోతుంది. "వద్దు" అని పెట్టేయండి. రికార్డింగ్ అయితే అది కూడా అనక్కర్లేదు, అమ్మకి చెప్పినా వినదనుకోండి.

సరే, వడపోత. మొదటిది డీఎన్‌డీ. ఇది ఫోన్‌లో ఉండే డు నాట్ డిస్టర్బ్ కాదు, పేరొక్కటే. ఇది ట్రాయ్ వాళ్ల రిజిస్టర్. 1909కి కాల్ చేసి గానీ, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ పెట్టుకోవచ్చు. అన్నీ ఆపొచ్చు, లేదా బ్యాంకులు, రియల్ ఎస్టేట్, చదువులు ఇలా కావాల్సిన రకాలే ఆపొచ్చు. నేనైతే చదువులు ముందు ఆపాను. ఎంసెట్ రాసి పదేళ్లు దాటినా ఇంజినీరింగ్ సీటు కావాలా అని అడుగుతున్నారు. ఉన్న బీటెక్‌నే వాడట్లేదు బాబూ!

"నేను డీఎన్‌డీ పెట్టాను, అయినా వస్తున్నాయి" అంటారు. నిజమే. రూల్ పాటించేవాళ్లనే అది ఆపుతుంది. ప్రకటన కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి. బ్యాంకుల్లాంటి ఆర్థిక సంస్థల సర్వీస్ కాల్స్‌కి 1600 సిరీస్ ఇచ్చారు. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి ప్లాటు అమ్మాడంటే అదే తప్పు. వాడి మీద కంప్లయింట్ ఇవ్వండి, అదే యాప్‌లో. 2025 ఫిబ్రవరిలో రూల్స్ మార్చారు. ఇప్పుడు ఏడు రోజుల్లోపు ఇవ్వొచ్చు, ఇంతకుముందు మూడే. ఇలాంటి రిజిస్టర్ కాని నంబర్ల మీద మీకు డీఎన్‌డీ లేకపోయినా ఇవ్వొచ్చు. పది రోజుల్లో ఐదు కంప్లయింట్లు పడితే చర్య మొదలుపెట్టాలి, అంతకుముందు ఏడు రోజుల్లో పది పడాల్సి వచ్చేది. ఐదంటే ఎంతండీ, మన ఫ్రెండ్స్ గ్రూపులోనే ఐదుగురికి అదే నంబర్ నుంచి వచ్చి ఉంటుంది. బ్లాక్ కొడితే మన ఫోన్ ఒక్కటే బాగుపడుతుంది, రేపు వాడు ఇంకో సిమ్‌తో వస్తాడు. కంప్లయింట్ ఇచ్చి, తర్వాత బ్లాక్ కొట్టండి.

మోసం కాల్ అయితే దారి వేరు. పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, డిజిటల్ అరెస్ట్, కేవైసీ ఆగిపోయింది, ఇలాంటివి. డబ్బు పోకపోతే సంచార్ సాథీలో చక్షు అనే చోట రిపోర్ట్ చెయ్యాలి. డబ్బు పోతే ఇవన్నీ వదిలేసి ముందు 1930కి ఫోన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు దాటిపోకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. సాయంత్రం అబ్బాయొచ్చాక చూద్దాం అని ఆగకూడదు. ఇది ఇంట్లో పెద్దవాళ్లకి నోటికొచ్చేదాకా చెప్పండి.

ఇక అమ్మ ఫోన్‌లో ఇప్పుడు ఏముందంటే, గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో 'కాలర్ ఐడీ అండ్ స్పామ్' ఆన్. స్పామ్ అని అనుమానం ఉంటే స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది, ఎత్తాలో వద్దో అమ్మే చూసుకుంటుంది. అక్కడే స్పామ్‌ని పూర్తిగా ఆపేసే 'ఫిల్టర్' కూడా ఉంది, అది నేను ముట్టుకోలేదు. డు నాట్ డిస్టర్బ్ రాత్రి పదినుంచి ఐదుదాకానే, అది కూడా రిపీట్ కాలర్స్ ఆన్ చేసి. "ఎత్తకపోతే వెంటనే రెండోసారి చెయ్యండి" అని గల్ఫ్‌లో ఉన్నవాళ్లందరికీ చెప్పేశాం.

కాల్స్ పూర్తిగా ఆగాయా అంటే, ఆగలేదు. రోజుకి ఎనిమిదో తొమ్మిదో వచ్చేవి, ఇప్పుడు రెండో మూడో. పిన్ని తిరిగి వెళ్లేముందు ఒక చీటీ మీద నా నంబర్, నాన్నగారి నంబర్ రాయించుకుని పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టుకుంది. నా సెట్టింగ్స్ మీద ఆవిడకి ఇంకా నమ్మకం కుదరలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో, మీ పేరు మీద మీకు తెలియకుండా ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీలో ఎలా చూడాలో చేసి చూపిస్తాను. ఉంటానండి.