తుప్ప తీయండి, మట్టి తీయకండి

 

ముందు ఒక మాట అడుగుతాను. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో పొక్లెయిన్ వీడియోలు చూసేవాళ్లు మీలో ఎంతమంది? నేనైతే చూస్తానండి, దాచుకోవడం ఎందుకు. పెద్ద బండి, పొడుగాటి చెయ్యి, ఒక్క లాగు లాగితే తుమ్మ చెట్టు వేళ్లతో సహా బయటికొచ్చేస్తుంది. అరగంటలో అడవి కాస్తా మైదానం. చూస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో!

అయితే ఆ వీడియోలో కనపడని సంగతి ఒకటుంది. ఆ చెయ్యి చివర ఏం తగిలించారు అన్నదాన్ని బట్టే మన పొలం బాగుపడటమో, పాడైపోవడమో ఉంటుంది. ఈ ముక్క నేను ఎక్కడా చదవలేదు. మా చేలో, మా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మా డబ్బు ఒక్కటే పోయి ఉంటే ఈ ఎపిసోడ్ చేసేవాణ్ణి కాదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మాది అమలాపురం వైపు ఒక పల్లెటూరు. ఎకరంన్నర కొబ్బరి తోట, దాని దిగువన రెండెకరాల వరి చేను, చేనుని ఆనుకుని మురుగు కాలువ. నాన్నకి మోకాళ్ల నొప్పులు, నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. చేను కౌలుకిచ్చేశాం గానీ, గట్టు సంగతి, తోట సంగతి ఐదేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఐదేళ్లంటే మన కోనసీమలో చిన్న విషయం కాదండి. ఇక్కడ కర్ర పాతితే చిగురేస్తుంది. గట్టు మీద సర్కారు తుమ్మ, దాని మీద తీగలు, కాలువలో తూడు, కిక్కిస, గుర్రపు డెక్క. చివరికి కాలువ ఎక్కడుందో గట్టు ఎక్కడుందో తెలియని పరిస్థితి.

"పెరిగితే పెరిగింది, నష్టమేంటి?" అంటారేమో. అక్కడే మన డెల్టా గురించి కొంచెం చెప్పుకోవాలి.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి సుమారు 10 లక్షల ఎకరాలకి అక్కడి నుంచే నీళ్లు. ఇది చిన్నప్పటి నుంచి అందరం వింటున్నదే. మనం వినని రెండో సగం ఏంటంటే, వచ్చిన నీళ్లు పోవాలి కదా! తెచ్చేది పంట కాలువ, తీసుకెళ్లేది మురుగు కాలువ. భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్, మా వైపు కౌశిక డ్రెయిన్, కొల్లేరు నీళ్లని సముద్రంలో కలిపే ఉప్పుటేరు, ఇవన్నీ ఆ పని చేసేవే.

డెల్టా అంటే అరచెయ్యంత చదునుగా ఉండే నేల. నీళ్లు జోరుగా జారిపోవడానికి వాలు లేదు. పైగా సముద్రం దగ్గర్లో పోటు వచ్చినప్పుడు మురుగు నీరు ఆగిపోతుంది. ఆటు తీసినప్పుడే కదులుతుంది. అంటే రోజులో కొన్ని గంటలే నీళ్లు బయటికి పోయే అవకాశం. ఆ కొన్ని గంటల్లో కూడా కాలువ నిండా డెక్క, తూడు అడ్డం పడితే? నీళ్లు ఎక్కడికి పోతాయి? చేలోకే. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి, ఖరీఫ్‌లో నాట్లు వేయకుండా చేలు ఖాళీగా వదిలేశారు, గుర్తుందా? గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, వీటితో పాటు మురుగు కాలువల గోడు కూడా అప్పుడు గట్టిగా వినపడింది.

సరే, మా కథకి వస్తాను.

వేసవిలో సెలవు పెట్టి వచ్చి పొక్లెయిన్ మాట్లాడాను. గంట లెక్కన కిరాయి. బండికి మామూలు మట్టి తవ్వే బకెట్టు ఉంది. ఆపరేటర్ అడిగాడు కూడా, "బాబూ, తుప్పలకి పళ్ల రేక్ ఉంటది, అది దొరికేదాకా రెండు రోజులు ఆగుతారా?" అని. నాకు సెలవు అయిపోతోంది. "ఉన్నదాంతో లాగించెయ్ బాబాయ్" అన్నాను. తప్పు నాదేనండి, ఆయనది కాదు.

రెండు రోజుల్లో గట్టు అద్దంలా అయిపోయింది. ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. కానీ జరిగిందేంటో చూడండి. బకెట్టుకి ముందు అంచు పదునుగా ఉంటుంది. తుప్పని పట్టుకోలేదు, గీకుతుంది. గీకినప్పుడల్లా తుప్పతో పాటు మట్టి కూడా నిండుతుంది. అలా అరడుగు పైమట్టి పోయింది. మనకి ఎరువు, సారం, వానపాములు అన్నీ ఉండేది ఆ అరడుగులోనే. ఇక గట్టు వాలులో ఉన్న తుమ్మ మొదళ్లని కూడా నేను పట్టుబట్టి పీకించాను. అవి పట్టి ఉంచిన మట్టి అంతా గుల్లయింది. తీసిన చెత్తనంతా గట్టు అంచునే పోయించాను, దూరం మోస్తే గంటలు పెరుగుతాయని.

అక్టోబరులో వాయుగుండం వచ్చింది. మూడు రోజులు వాన. గట్టు రెండు చోట్ల జారి కాలువలో పడింది. దాంతో పాటే నేను పోయించిన చెత్త కూడా. కాలువ పూడిపోయింది. చేలో స్వర్ణ, అదేనండి, మార్టేరు వాళ్లు ఇచ్చిన ఎం.టి.యు. 7029, గింజ పాలు పోసుకునే దశలో ఉంది. వారం రోజులు నీళ్లలో నిలబడింది.

మా చేను ఒక్కటే కాదు, పై చేను కూడా మునిగింది. ఆ చేను చేసే ఆయనా కౌలు రైతే. పంట పోయినా కౌలు కట్టాలి కదా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. నెల రోజులు మా ఇంటి ముందు నుంచి తల దించుకుని వెళ్లిపోయేవాడు. నేను స్టేటస్ పెట్టిన ఆ గట్టు ఆయన పంటని ముంచింది. ఇది ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ఆ తర్వాత ఏడాది పని నేర్చుకుని చేయించాను. అదే మీకు చెప్తున్నాను.

ముందు బండి పేరు. పొక్లెయిన్ అనేది అసలు ఒక ఫ్రెంచ్ కంపెనీ పేరు. 1961లో పూర్తిగా హైడ్రాలిక్ మీద నడిచే బండి తెచ్చారు. తర్వాత ఇండియాలో ఎల్ అండ్ టీ వాళ్లతో కలిసి ఇక్కడికి వచ్చింది. ఏ కంపెనీ బండైనా మనకి పొక్లెయినే అయిపోయింది, ఏ కంపెనీ సబ్బు పొడైనా సర్ఫ్ అయిపోయినట్టు.

ఇప్పుడు రేక్. మన పెద్దవాళ్లు చేలో వాడే దంతె చూసే ఉంటారు. దానికే బలం వచ్చి, పళ్లు వంపు తిరిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బకెట్టు ఉండే చోట వరసగా వంకర పళ్లు. పళ్ల మధ్య ఖాళీలు. తుప్పని కింద నుంచి పట్టి పైకెత్తి, రెండుసార్లు దులిపితే మట్టి ఆ ఖాళీల్లోంచి మళ్లీ చేలోనే పడుతుంది. తుప్ప, వేళ్లు మాత్రం చేతిలో ఉంటాయి. కొన్ని బండ్లకి ఎదురుగా బొటనవేలు లాంటిది కూడా ఉంటుంది, దాంతో దుంగల్ని గట్టిగా పట్టుకోవచ్చు. కాలువలో గుర్రపు డెక్కకైతే ఇది మరీ మేలు. డెక్కలో నూటికి తొంభై పాళ్లకి పైగా నీళ్లే. బకెట్టుతో తీస్తే నీళ్లు మోసినట్టే. రేక్‌తో అయితే నీరు అక్కడే కారిపోతుంది.

పని మొదలెట్టే ముందు చేయాల్సినవి.

ఒకటి. సర్వే రాళ్లు ఎక్కడున్నాయో వెతికి, పక్కన కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టండి. బండి ఒక రాయి లేపేసిందంటే ఆ గొడవ మీ పిల్లల దాకా నడుస్తుంది.

రెండు. డ్రెయిన్ గట్టు చాలా చోట్ల మనది కాదు, ప్రభుత్వానిది. జలవనరుల శాఖ వాళ్లని అడగకుండా బండి దింపకండి. పెద్ద చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది. సచివాలయంలో ముందే కనుక్కోండి.

మూడు. పైన కరెంటు తీగలు చూడండి. 11 కె.వి. లైను కింద బూమ్ లేపడమంటే ప్రాణంతో ఆట. లైన్‌మన్‌కి చెప్పి సప్లై ఆపించాకే పని. బండి తిరిగే చుట్టుకొలతలో ఎవరూ నిలబడకూడదు, వీడియో తీసేవాళ్లు అసలు నిలబడకూడదు.

నాలుగు. ఒక చివర నుంచి మొదలుపెట్టండి, రెండో వైపు ఖాళీగా వదలండి. లోపలున్న పాము, ముంగిస, ఉడుము తప్పించుకుని పోతాయి. రెండు వైపుల నుంచీ వస్తే అవి మన కాళ్ల మధ్యకే వస్తాయి.

ఇక అసలు పని. చదును నేలలో సర్కారు తుమ్మని వేరు మొదలుతో సహా తీయాలి. పైన నరికితే ఒక కొమ్మకి పది కొమ్మలు లేస్తాయి. నేల మరీ ఎండి బీటలు తీసి ఉంటే మొదలు విరిగిపోతుంది, వేరు లోపలే ఉంటుంది. బాగా తడిగా ఉంటే బండి చైన్లు దిగబడతాయి. ఒక జల్లు పడి రెండు మూడు రోజులు ఆరాక చెయ్యి వేస్తే సరిగ్గా వస్తుంది.

గట్టు వాలులో మాత్రం వేరు పీకకండి. ఇది రాసి పెట్టుకోండి. అక్కడ నేల మట్టానికి కోసేసి, నెలకోసారి వెళ్లి వచ్చిన చిగుర్లు నరకండి. విసుగే. కానీ ఆ వేళ్లు కుళ్లేలోపు వట్టివేరు గానీ గరిక గానీ పట్టించుకుంటే గట్టు నిలబడుతుంది. వట్టివేరు వేళ్లు నిలువుగా చాలా లోతుకి దిగుతాయి, మట్టిని కుట్టేసినట్టు పట్టుకుంటాయి.

తీసిన చెత్త గట్టు అంచున పెట్టొద్దు. వాన వస్తే మళ్లీ కాలువలోకే. డెక్క చిన్న ముక్క నీళ్లలో పడినా మళ్లీ అల్లుకుంటుంది. గట్టుకి అవతల దూరంగా పోయించి, ఆరనివ్వండి. నీళ్లు పోయాక కుప్ప సగానికి సగం పడిపోతుంది. తగలబెట్టకండి, కొబ్బరి మొదళ్లలో వేస్తే ఎరువవుతుంది.

కాలువ పని ఏప్రిల్, మే నెలల్లో, కాలువలు కట్టేసినప్పుడు చేయించుకోవాలి. జూన్‌లో నీళ్లు వదిలాక పరుగులు పెట్టి లాభం లేదు. కిరాయి దగ్గర గొడవ రాకుండా, పని మొదట్లో, చివర్లో బండిలో అవర్ మీటర్ ఫోటో తీసుకోండి.

రెండోసారి అదే ఆపరేటర్‌ని పిలిచాను. ఈసారి రేక్ దొరికేదాకా ఆగాను. ఖర్చు ఎక్కువే అయింది. పని అయ్యాక గట్టు మొదటిసారిలా అద్దంలా లేదు, మోడులు కనపడుతూ గరుగ్గా ఉంది. ఫోటోకి బాగోదు. "ఇదేంట్రా, సగమే చేశారు" అన్నాడు నాన్న. బాబాయ్ నవ్వి, "గట్టుకి బట్టలు తీసెయ్యకూడదండీ" అన్నాడు.

పై చేను కౌలు రైతు ఆ రెండు రోజులూ వచ్చి మాతో పాటు నిలబడ్డాడు. ఎక్కడ నీళ్లు ఆగుతాయో, ఎక్కడ గట్టు మెత్తగా ఉందో ఆయనకి తెలిసినంత నాకు తెలియదు. మొదటిసారే ఆయన్ని అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆ ఏడాది కూడా వాన పడింది. చేలో నీళ్లు నిలబడ్డాయి. రెండో రోజుకి లాగేశాయి. అంతే. వీడియో తీయడానికి ఏమీ లేదు.

మీలో చాలామంది ఊరు వదిలి సిటీల్లో ఉన్నారు. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు మీ చేను దాటి ఇంకో నాలుగు అడుగులు వేసి, మురుగు కాలువ ఒక్కసారి చూసి రండి. బండి పిలిచే ముందు పక్క చేను వాళ్లని పిలవండి. ఉంటానండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం.