కూజా మొక్క ఇంట్లో పెరగాలంటే

నెపంథిస్ అనే కూజా మొక్కకు వేలాడే కూజా పువ్వూ కాదు, కాయా కాదు. అది ఆకే. ఆకు నడిమి ఈనె కొస దాటి సన్నని తీగలా సాగి, కిందికి వంగుతుంది. ఆ తీగ చివర కూజా తయారవుతుంది. మొదట కనిపించేది గోరంత మొగ్గ. నూగు పట్టి, వేళ్లతో నొక్కినట్టు చప్పిడిగా ఉంటుంది. కొన్నాళ్లకు గాలి పోసుకున్నట్టు ఉబ్బుతుంది. అప్పటికి మూత ఇంకా అతుక్కునే ఉంటుంది గాని, లోపల మొక్క తానే ఊరించుకున్న ద్రవం సిద్ధంగా ఉంటుంది. తర్వాత ఒకరోజు మూత విడుతుంది. మరికొద్ది రోజుల్లో నోటి అంచు బయటికి చుట్టుకుని, గట్టిపడి, రంగు తేలుతుంది. ఒకసారి తెరుచుకున్న మూత మళ్లీ మూసుకోదు. పురుగు పడగానే మూత దభాలున పడుతుందన్న మాట చాలామంది చిన్నప్పుడు విన్నదే, కానీ నిజం కాదు. వాన నీరు పడి ద్రవం పలచబడకుండా కాయడం, తన అడుగు వైపు తేనె ఊరించి పురుగును పిలవడం, ఇవీ మూత చేసే పనులు.

వలలో ముఖ్యభాగం కూజా నోటి అంచే. అంచు మీద నాగటి చాళ్లలాంటి సన్నని గీతలుంటాయి. తడిసినప్పుడు వాటి మీద పల్చని నీటి పొర పరుచుకుంటుంది, చీమ కాలు నిలవదు. అదే అంచు పొడిగా ఉంటే చీమలు దాని మీద హాయిగా నడిచిపోతాయి. హోల్గర్ బోన్, వాల్టర్ ఫెడెర్లే అనే పరిశోధకులు 2004లో ఈ సంగతి చూపించారు. లోపల పడినది అరుగుతుందని అంతకు చాలా ముందే తెలిసింది. 1874లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ కూజాల్లో గుడ్డు తెల్లసొన, మాంసం ముక్కలు వేసి అవి కరగడం గమనించాడు. మరుసటి ఏడాదే కీటకాహార మొక్కల మీద డార్విన్ పుస్తకం వచ్చింది.

పురుగు నుంచి మొక్క తీసుకునేది ముఖ్యంగా నత్రజని, భాస్వరం. అంటే పురుగు దానికి అన్నం కాదు, ఎరువు. అన్నం మాత్రం మిగతా మొక్కల్లాగే ఎండతో వండుకుంటుంది. ఇంట్లో చేయాల్సిన పనులన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి. సారం లేని నేలలో బతకడానికి అలవాటుపడిన వేరు అది. దానికి బలమని పెట్టేదే విషమవుతుంది.

నర్సరీల్లో వేలాడే కుండీల్లో తరచుగా దొరికేది వెంట్రాటా అనే సంకర రకం. దీని మాతృజాతులు ఫిలిప్పీన్స్‌వి. కొత్తగా పెంచేవారికి ఇదే మేలు, మన ఉక్కపోతను బాగానే తట్టుకుంటుంది. మన దేశానికి సొంతమైన నెపంథిస్ ఒక్కటే, మేఘాలయలోని గారో, ఖాసీ, జయంతియా కొండల ఖాసియానా. అది అంతరించే ప్రమాదంలో ఉంది, చట్టం దాన్ని కాపాడుతోంది. అడవి నుంచి పెరికి తెచ్చినదని ఏ కొంచెం అనుమానం వచ్చినా ఆ మొక్కను కొనకూడదు.

ఇంట్లో కూజా మొక్కను ఎక్కువగా చంపేది నీళ్లే. గిన్నె అడుగున తెల్లగా గార కట్టించే బోరు నీళ్లలోని లవణాలు కుండీలో పేరుకుంటూ పోతాయి. ఆకు కొసలు మాడతాయి, పైన తెల్లటి పొక్కు కడుతుంది, కొత్త కూజాలు ఆగిపోతాయి. నీళ్లు మరగబెడితే లాభం లేదు, కరిగి ఉన్న లవణాల్లో చాలావరకు అలాగే ఉండిపోతాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే, కొద్ది వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటర్ ఇక్కడ ఎంతో అక్కరకొస్తుంది. 50 లోపు చూపిస్తే నిశ్చింత. 100 దాటిన నీళ్లు నెలల తరబడి పోయడం మంచిది కాదు. ఆర్‌ఓ నీళ్లని నమ్మేయకూడదు, రుచి కోసం లవణాలు కలిపే యంత్రాలున్నాయి, కొలిచి చూసుకోవాలి. అన్నిటికన్నా వాన నీరు శ్రేష్ఠం. మేడ మీద శుభ్రమైన టబ్బు పెట్టి పట్టుకుని, మూత బిగించి దాచుకోవచ్చు. అది అయిపోయాక ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ పనికొస్తుంది. అదే దుకాణంలో బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది, సీసా మీద పేరు చదివి తెచ్చుకోవాలి. ఎండాకాలంలో ఏసీ నుంచి కారే నీటిని గుడ్డలో వడగట్టి వాడేవారూ ఉన్నారు. ఏసీని మందు కొట్టి కడిగిన రోజుల్లో మాత్రం ఆ నీళ్లు వద్దు. కుండీ ఎప్పుడూ చెమ్మగా ఉండాలి గాని నీళ్ల పళ్లెంలో నిలబెట్టకూడదు, వేరు కుళ్లుతుంది.

కుండీలోకి స్ఫాగ్నమ్ నాచు, పెర్లైట్ చాలు. కొబ్బరి పీచు ముక్కలు కలిపితే ముందు మంచి నీళ్లలో చాలాసార్లు నానబెట్టి పిండాలి, పీచులో ఉప్పు ఉంటుంది. ఎర్రమట్టి, పేడ ఎరువు, వర్మీకంపోస్టు, డీఏపీ దగ్గరికి రానివ్వకూడదు.

వెలుతురు తగ్గితే ఆకులు ముదురు పచ్చగా, పొడుగ్గా, నిగనిగలాడుతూ పెరుగుతాయి, కూజా మాత్రం ఒక్కటీ రాదు. చూసేవారు మొక్క ఆరోగ్యంగా ఉందనుకుంటారు. తూర్పు కిటికీ దీనికి సరైన చోటు. అలాంటి కిటికీ లేని ఫ్లాట్లలో మొక్కకు అడుగు ఎత్తున తెల్లటి ఎల్‌ఈడీ లైటు రోజుకు 12 గంటలు వేసి ఉంచవచ్చు.

మేత గురించి ఆరాటం అక్కర్లేదు. దారి తప్పిన చీమలు చాలు. ఏ పురుగూ రాని ఇంట్లో నెలకోసారి ఒకటి రెండు కూజాల్లో చచ్చిన చీమలో, అక్వేరియం చేపలకు వేసే మేత గుళికలు రెండో వేయవచ్చు. మాంసం, పనీర్, పెరుగన్నం వేస్తే కూజా కుళ్లి కంపు కొడుతుంది. హుకర్ వేసింది పరీక్ష కోసం, పెంపకం కోసం కాదు. దోమల్ని తగ్గిస్తుందని దీన్ని కొనేవారుంటారు. నిజానికి అడవిలోని కూజాల్లో కొన్ని జాతుల దోమ పిల్లలు ఆ ద్రవంలోనే ఈదుతూ పెరుగుతాయి. మొక్కను కొని తెచ్చేటప్పుడు కూజాలోని ద్రవం ఒలికిపోతే మూడో వంతు వరకు వాన నీరు పోస్తే సరిపోతుంది.

కష్టకాలం ఏప్రిల్, మే నెలలు. విశాఖ, కాకినాడల్లో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. హైదరాబాద్‌లో, రాయలసీమలో మధ్యాహ్నపు పొడిగాలికి తీగ కొసనున్న చిన్న మొగ్గ నల్లబడి ఎండిపోతుంది. అప్పుడు పడమటి కిటికీ నుంచి, ఏసీ గాలి నుంచి మొక్కను తప్పించాలి. గులకరాళ్లు పరిచిన పళ్లెంలో నీళ్లు పోసి, ఆ రాళ్ల మీద కుండీ పెట్టాలి. కుండీ అడుగు నీటికి తగలకూడదు. పిండినల్లి పడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడవాలి.

కూజా కొన్ని నెలలు ఉండి పైనుంచి కిందికి ఎండుతుంది, అది జబ్బు కాదు. పూర్తిగా ఎండాక కత్తిరించాలి, సగం పచ్చగా ఉన్నంతవరకు అది పనిలోనే ఉంటుంది. మొక్క కాండం మరీ పొడుగెక్కితే రెండు మూడు కణుపులున్న ముక్క కోసి, ఆకుల్ని సగానికి కత్తిరించి, తడి నాచులో గుచ్చి, పైన పారదర్శకమైన సంచి కప్పి నీడలో ఉంచాలి. ఒకటి రెండు నెలల్లో కణుపు దగ్గర కొత్త చిగురు కనిపిస్తుంది. సంచిని ఒక్కసారిగా తీయకుండా రోజుకు కాసేపు తెరుస్తూ బయటి గాలికి అలవాటు చేయాలి.