అలంపురము: ఊరివారి మ్యూజియము

అలంపురమునకు పోయినవారు ముందుగా జోగులాంబను, బాలబ్రహ్మేశ్వరుని దర్శింతురు. ప్రక్కనే ఉన్న పురావస్తు ప్రదర్శనశాలలోనికి తొంగిచూచువారు కొందరే. 1952లో ఏర్పడిన ఆ చిన్నశాలలోని శిల్పములు ఎక్కడి దూరదేశములవో కావు, ఆ నేలలోనివే. అలంపురమువారైన గడియారం రామకృష్ణశర్మగారు ఆ ప్రాంతపు చరిత్రను వెలికిదెచ్చుటకు ఎంతయో శ్రమించిరి.

తరువాత శ్రీశైలం జలాశయము వచ్చినది. కృష్ణా తుంగభద్రల కూడలియందలి కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి, అలంపురమునకు తెచ్చి, మరల పేర్చిరి. మెచ్చదగిన పనియే. కాని రాళ్లతోపాటు ఊరి మాటలు తరలిరాలేదు.

ఆ గుడియొద్ద మాకొక ముసలి రైతు కనిపించెను. చెప్పులు దూరముగా విడిచి వచ్చి, "దేవుడు వచ్చినాడు గాని, మా ఊరు రాలేదు సారూ" అనెను. ఏటిమెట్లు ఎటుండెడివో, శివరాత్రినాడు బండ్లు ఎక్కడ విడిచెడివారో, ఏ చెట్టుక్రింద వంటలు చేసికొనెడివారో చేయి చాచి చూపుచు చాలసేపు చెప్పెను. అవి యే ఫలకముపైనను పట్టునవి కావు.

శాలకు వచ్చు బడిపిల్లల యెదుట అట్టివారిని నెలకొకమారు కూర్చుండబెట్టి మాటాడింపవచ్చును గదా! వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకము చాలును. మావంటివారి వద్ద శబ్దగ్రహణ యంత్రములును కలవు. ఆ మునిగిన ఊళ్లలో కాపురములు చేసినవారు ఇప్పుడు అరువదియేండ్లు దాటినవారు.