గ్రంథపట్టికలో గుర్తుల మర్యాద



పాలమూరు సీమలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 మంది కవులను పేరుపేరున లోకమునకు చూపిరి. ఏ పేరును మరియొక పేరులో కలిసిపోనీయకుండుటయే గ్రంథాలయ ధర్మము. నేడు గ్రంథపట్టికలు కంప్యూటరున కెక్కినను ఆ ధర్మము మారలేదు.

పోలికనుబట్టి వెదకుమను ఆజ్ఞలో రెండు గుర్తులకు విశేషార్థము కలదు. శాతపు గుర్తు (%) ఎన్ని అక్షరములకైనను, అసలేమియు లేకున్నను సరిపోవును. అడుగుగీత (_) ఏదో ఒక్క అక్షరమునకు సరిపోవును. కావున "క_12" అను పుస్తకమును పట్టికనుండి తొలగింపుమనిన, "క-12", "క/12" అనునవియు దానితో పోవును. పుస్తకము బీరువాలోనే యుండును. చదువరికి మాత్రము లేనట్లే.

దీనికి నివారణ కలదు. గుర్తునకు ముందు వాలుగీత (\) నుంచి, అది రక్షకచిహ్నమని ఆజ్ఞలోనే తెలుపవలెను. "క\_12" అనిన అదియొక్కటియే దొరకును. చదువరి వ్రాసిన మాటలోనే వాలుగీత యున్నచో, మొదట దానిని రెండుగా చేసి, పిదప తక్కిన గుర్తులను కాపాడవలెను. క్రమము తప్పిన రక్షణ చెడును.

వ్యాకరణమున శబ్దము తన రూపమునే తెలుపుననియు, పారిభాషిక సంజ్ఞలు దానికి మినహాయింపనియు పాణిని ఏనాడో విభజించెను. సంజ్ఞయైన గుర్తును మరల స్వరూపమునకు తెచ్చునదే ఈ చిన్న గీత.