శుభవార్తకు ముందే
(బురైదాలో తెలుగు కుటుంబాల సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలకూ నాట్యానికీ నడుమ ఈ వైద్యం మాటలేమిటని విసుక్కోకండి. మన పిల్లలు పెళ్ళీడుకు వస్తున్నారు. అందుకే ఒక్క విషయం మనవి చేస్తాను.

మన ఇళ్ళలో కోడలు నెల తప్పితే మూడో నెల వచ్చేదాకా గుట్టుగా ఉంచుతాం. డాక్టరూ మందులూ ఆ తరువాతే. కాని గర్భం ఏర్పడిన 28 రోజులలోపే శిశువుకు మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం మూసుకోవాలి. పైభాగం మూసుకోకపోతే మెదడు ఎదగదు, ఆ బిడ్డ దక్కదు. కిందిభాగం మూసుకోకపోతే వెన్ను చీలి, కాళ్ళు చచ్చుబడవచ్చు. మనం శుభవార్త చెప్పుకునేసరికే ఆ ఘడియ దాటిపోతుంది.

దీన్ని చాలావరకు నివారించేది ఫోలిక్ ఆమ్లమనే బి విటమిను. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశోధించారు. ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో వెల్లడించారు. అందులోని గుణమేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని రాబట్టి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటతో పేరు పెట్టారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ వ్యాధికి సోదరుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ వ్యాధికే ఈ మందు పనికివచ్చింది.

అసలు రుజువు 1991లో వచ్చింది. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులపై 7 దేశాలలో జరిపిన పరీక్షలో, గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఈ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. ఫలితం స్పష్టం కావడంతో పరీక్షను ముందే ఆపేశారు.

సౌదీలో గోధుమ పిండికి ఫోలిక్ ఆమ్లం కలుపుతారు. ఖుబూస్ తినే ఇంటికి కొంత రక్ష దానంతటదే అందుతుంది. మనం రెండు పూటలా తినేది అన్నం. సంచిమీద కలిపినట్టు రాసి ఉంటే తప్ప, బియ్యంలో ఆ రక్ష లేదు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు మంచివే. అయితే ఆకు ఉడికించిన నీళ్ళు పారబోస్తే విటమినూ వాటితోనే పోతుంది. కూర ఒక్కటే చాలదు.

కనుక బిడ్డ కావాలనుకున్న నాటినుంచే, మూడో నెల నిండేవరకు, రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలి. ఇంతకుముందు ఇలాంటి కాన్పు జరిగినవారు, మధుమేహం ఉన్నవారు, మూర్ఛకు మందులు వాడేవారు ముందుగానే డాక్టరును అడగాలి. వారికి ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు.

“మా రోజుల్లో ఈ మాత్రలున్నాయా?” అని అత్తగార్లు అడగవచ్చు. లేవు. అందుకే ఎందరో తల్లులు గ్రహణం చూశావనీ, తినకూడనిది తిన్నావనీ లేనిపోని నిందలు మోశారు. ఈ మాత్ర వేసుకున్నా అన్ని లోపాలూ ఆగవు. అలాంటి బిడ్డ పుడితే తల్లిని ఒక్క మాట అనకండి.

సీమంతానికి చీరా గాజులూ పెడతాం. పెళ్ళినాటి పసుపు కుంకుమలతోనే ఈ మాటా చెప్పి పంపుదాం. కోడలికే కాదు, కొడుక్కీ చెబుదాం. సెలవు.