ఓడను విడిచి మరల రేవున కలియుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగము)



బాటసారి యొకడు బండి దిగి, చేనిగట్టున అడ్డముగా నడచి, ముందు మలుపున మరల ఆ బండినే యెక్కుట పల్లెలలో అందరు నెరిగినదే. బండి బాటవెంట చుట్టి వచ్చును. నడచువాడు దాని నందుకొనును. సముద్రముమీద పోవు విహారనౌకల విషయమునను ఇట్టి ఆచారము కలదు. ప్రయాణికుడు ఒక రేవున దిగి, ఆ రాత్రి నేలమీద బస చేసి, వేరొక రేవున తన ఓడను కలిసికొనును. చెప్పుటకు సులభమైన యీ పనిలో ఎంత వివేకము కావలయునో విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

దీనికి ఈజిప్టు దేశము మంచి ఉదాహరణము. సూయజ్ కాలువ 1869 నవంబరు 17వ తేదీన తెరువబడెను. అంతకు పూర్వము ఇంగ్లండునుండి ఆ దారిని హిందూదేశమునకు వచ్చువారు అలెగ్జాండ్రియాలో ఒక ఓడ దిగి, కైరోమీదుగా ఎడారి దాటి, సూయజ్‌లో వేరొక ఓడ నెక్కవలసి యుండెను. థామస్ వాగ్‌హార్న్ అను ఆంగ్లేయుడు ఈ మార్గమున టపా నడపించుటకు మిక్కిలి పాటుపడెను. 1858 నాటికి సూయజ్ వరకు రైలు వచ్చెను. ఆ దినములలో ఓడ దిగుట విధిలేని పని. కాలువ త్రవ్విన పిమ్మట ఓడయే ఎడారి నడుమగా సాగిపోయెను. దిగుట ప్రయాణికుని యిష్టమునకు వచ్చెను.

ఇష్టమున్నవారు దిగిరి. ఓడ కాలువను దాటుటకు సుమారు 12 మొదలు 16 గంటలు పట్టును. ఓడలు ఒకదాని వెనుక నొకటి వరుసగట్టి పోవలెను గనుక తన వంతుకై లంగరు వేసి నిలుచు కాలము దీనికి అదనము. సూయజ్ నుండి కైరోకు సుమారు 130 కిలోమీటర్లు. కైరోనుండి పోర్టుసెడ్‌కు సుమారు 200. ఓడ నీటిదారిని మెల్లగా పోవుచుండగా ప్రయాణికుడు మోటారుమీదనో రైలుమీదనో కైరో చేరి, పిరమిడ్లను చూచి, పోర్టుసెడ్‌లో ఓడ నందుకొనుచుండెను. ఆవిరి ఓడల కాలమున ఆంధ్రదేశమునుండి చదువులకై విలాయతి పోయినవారికిని బొంబాయి, ఏడెన్, సూయజ్, పోర్టుసెడ్ అనునవియే మజిలీలు.

ఓడలోనే కూర్చున్నవానికి కాలువ గట్లు కనబడును. దిగినవాడు 4,500 ఏండ్లనాటి ఖూఫూ పిరమిడ్ పాదమున నిలుచును. కట్టిననాడు దాని యెత్తు సుమారు 146 మీటర్లు. పైరాళ్లు పోగా ఇప్పుడు సుమారు 138. 1922లో బయల్పడిన టుటంఖామన్ సమాధిలోని నిధులను కైరో చెంతనే చూడవచ్చును. కాళిదాసు మేఘసందేశమున యక్షుడు మేఘునకు దారి చెప్పుచు, ఉత్తరమునకు పోవువానికి చుట్టైనను సరే, ఉజ్జయినిని చూడకుండ పోవలదని బోధించెను. ప్రియురాలికి వార్త పంపు తొందరలో నున్నవాడే అట్లు చెప్పెను. అనగా దారి చుట్టగుట దోషము కాదు.

కాని మనుచరిత్రలోని ప్రవరుని కథను కూడ స్మరింపవలెను. సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని అతడు హిమాలయమునకు పోయెను. మంచునకు ఆ లేపము కరగిపోయెను. పోవు ఉపాయము తెలిసికొనెను గాని, వచ్చు ఉపాయమునకు కలుగగల హానిని విచారింప డాయెను. చివరకు అగ్నిదేవుని దయవలన ఇల్లు చేరెను. ఓడ తప్పిన ప్రయాణికునకు అగ్నిదేవుడు తోడురాడు. అతనికి తోడు మూడు: గడియారము, అనుమతి, కాగితములు.

మొదటిది గడియారము. కాలువలో వంతు తప్పిన ఓడకు మరల వంతు దొరకుట కష్టము. రేవులో నిలిచిన ప్రతి గంటకును వ్యయము కలదు. ఒక్కనికొరకు వేలమందిని నిలుపరు. ఓడవారే ఏర్పరచిన యాత్రలో పోయిన యెడల, ఆలస్యమైనపుడు వారే సాధారణముగా భారము వహింతురు. స్వంతముగా పోయినవాడు తరువాతి రేవునకు తన ఖర్చుతో చేరవలెను.

రెండవది అనుమతి. ఓడమెట్లయొద్ద ప్రతి ప్రయాణికుని రాకపోకలు లెక్కకు వచ్చును. చెప్పక ఆగిపోయినవాడు ఆ లెక్కలో తప్పిపోయినవాడే. కొన్ని చోట్ల ఓడవారికి మనస్సున్నను చట్ట మడ్డువచ్చును. అమెరికాలో 1886 నాటి చట్టము ప్రకారము విదేశీ ఓడ ఆ దేశపు రేవునుండి ఆ దేశపు రేవునకు ప్రయాణికులను చేరవేయరాదు. తప్పినచో తలకింతయని జరిమానా. కావున ముందుగా వ్రాసి అడిగి, అనుమతిని వ్రాతమూలముగా పొందవలెను.

మూడవది కాగితములు. పగటి విహారమునకు చాలిన అనుమతి రాత్రి బసకు చాలకపోవచ్చును. పాస్‌పోర్టు ఓడవారియొద్ద నున్నయెడల దానిని తీసికొనియే దిగవలెను. మందులును, కొంత ధనమును, రేవులోని ఓడ ఏజెంటు చిరునామాయు ఒంటిమీద నుండవలెను.

ఇంత చేసినను దైవాధీనము కొంత మిగులును. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అను నొక్క సరకుల ఓడ కాలువకు అడ్డము పడగా ఆరు దినములు రాకపోకలు నిలిచిపోయెను. 2023 చివర ఎర్రసముద్రమున దాడులు మొదలుకాగా అనేక నౌకలు ఆఫ్రికాఖండమును చుట్టి పోయెను. ముందు రేవున ఓడ వచ్చితీరునను నమ్మకముతో చేతిలోని సొమ్మంతయు వ్యయము చేయువాడు వివేకి కాడు.

అట్లని దిగనే వలదనుట కాదు. భయపడి ఓడలోనే కూర్చున్నవాడు దూరము పోయెను గాని దేశము చూడలేదు. లెక్క లేక దిగినవాడు దేశము చూచెను గాని దారి పోగొట్టుకొనెను. లెక్క చూచుకొని దిగినవానికే రెండును దక్కును.

గ్రంథాలయమునకును ఈ ధర్మమే వర్తించును. సాయంకాలము పుస్తకము తీసికొనిపోవు చదువరి తన ఊరిని విడిచి, ఒక రాత్రి పరదేశమున సంచరించి, తెల్లవారునప్పటికి మరల తన పొలము గట్టున నిలుచును. ఓడ పట్టీలో వలె ఇచ్చటి రిజిస్టరులోను పోయిన తేదీయు, రావలసిన గడువును వ్రాయబడియుండును. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ ఊరివారు పుస్తకములను కొనిపోయి గడువున తెచ్చి యిచ్చుటవలననే నేడు ఈ బీరువాలు నిండియున్నవి. గడువు తప్పినవారు ఎవరైన నున్నయెడల, ఓడ ఇంకను రేవులోనే యున్నది. వెంటనే వచ్చి యెక్కుదురు గాక!